గోడౌన్‌కీ గుట్టలకీ ఒకే జత బూట్లు

పొద్దంతా గోడౌన్‌లో సిమెంటు నేల మీద నిలబడే పని నాది. సెలవు దొరికితే అనంతగిరి కొండలు, లేదంటే భువనగిరి కోట. పాత రన్నింగ్ షూస్‌తో సాయంత్రానికి మడమలు నొప్పెట్టేవి, కోట దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకునేవి. రెండు జతలు కొనడం దండగ అనిపించి, రెంటికీ పనికొచ్చే లో-కట్ (చీలమండ కిందికే ఉండే) హైకింగ్ షూస్ తీసుకుందామనుకున్నాను.

షాపుకి సాయంత్రం పూటే వెళ్లాను. రోజంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, సరైన సైజు అప్పుడే తెలుస్తుంది. మందపాటి సాక్సులు కూడా పట్టుకెళ్లాను. అన్నిటికన్నా పొడవైన కాలివేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. షాపు మెట్లు దిగి చూస్తే వేళ్లు తగులుతున్నాయో లేదో తేలిపోతుంది. "వాడితే సాగుతాయి సార్" అన్నాడు సేల్స్ అబ్బాయి. వెడల్పు కొంచెం సాగుతుందేమో గానీ పొడవు పెరగదు కదా!

బూటు వంచితే వేళ్ల దగ్గర వంగాలి, నడిమధ్యలో కాదు. తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పితే కాస్త ఎదురు తిరగాలి. వాటర్‌ప్రూఫ్ వద్దన్నాను; మన ఎండల్లో లోపలి చెమట సరిగా బయటికి పోదు, పైనుంచి నీళ్లు దూరితే ఓ పట్టాన ఆరవు. జాలీ గుడ్డ ఉన్నదే నయం.

అన్నీ కుదిరినా మడమ కొద్దిగా జారేది. రెండు వైపులా లేసుని అదే వైపున్న చివరి రంధ్రంలో గుచ్చి చిన్న లూప్ వదిలి, ఒక్కో లేసు కొసని అవతలి వైపు లూప్‌లోంచి లాగి బిగించాను. జారడం ఆగింది.

నాది నిలబడి సరుకు లెక్క చూసే పని కాబట్టి ఇవి సరిపోయాయి. బరువులెత్తేవాళ్లకి మాత్రం వేళ్ల మీద స్టీల్ టో లాంటి గట్టి తొడుగు ఉన్న సేఫ్టీ షూసే ఉండాలి.