ఎంఐఎస్ నేర్చుకుందాం – 3వ భాగం: రిపోర్టు చూసి ట్రిప్పు ఎత్తేయొచ్చా?

ఎంఐఎస్ అంటే మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్, మేనేజర్ల నిర్ణయాలకి కావాల్సిన సమాచారం అందించే వ్యవస్థ. పోయిన భాగంలో డేటా రిపోర్టుగా ఎలా మారుతుందో చూశాం. ఈసారి అసలు పని, ఆ రిపోర్టు చూసి నిర్ణయం తీసుకోవడం. అందరికీ తెలిసిన ఆర్టీసీ డిపోనే ఉదాహరణగా తీసుకుందాం.

కండక్టర్ టిమ్ మెషీన్‌లో కొట్టిన ప్రతి టికెట్టూ డ్యూటీ అయ్యాక డిపో కంప్యూటర్‌కి చేరుతుంది. అక్కడి నుంచి మేనేజర్‌కి వచ్చే అంకెల్లో ముఖ్యమైనవి మూడు: కిలోమీటరుకి వచ్చిన ఆదాయం ఈపీకే, సీట్లు ఎంత శాతం నిండాయో చెప్పేది ఓఆర్, లీటరు డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పేది కేఎంపీఎల్.

ఇప్పుడు పెన్నూ కాగితం తీసుకోండి. లెక్క కోసం ఒక పల్లెవెలుగు బస్సు రోజుకి 40 కిలోమీటర్ల ట్రిప్పులు 8 తిరుగుతోందని, మొత్తం రూ.12,800 తెస్తోందని అనుకుందాం. 320 కిలోమీటర్లకి ఈపీకే రూ.40. డిపో సగటు రూ.48 అయితే ఈ బస్సు రిపోర్టులో ఎర్రగా కనిపిస్తుంది, పై ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, టెన్షన్ మొదలవుతుంది.

ట్రిప్పులవారీగా విడగొట్టి చూడండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి రూ.2,800 చొప్పున తెస్తున్నాయి. మధ్యాహ్నం వెళ్లి వచ్చే రెండూ రూ.700 చొప్పున, మిగతా నాలుగూ రూ.1,450 చొప్పున. మధ్యాహ్నం రెండూ ఎత్తేస్తే 240 కిలోమీటర్లకి రూ.11,400, అంటే ఈపీకే ఒక్కసారిగా రూ.47.50కి ఎగబాకుతుంది. రిపోర్టు బ్రహ్మాండంగా ఉంటుంది.

మరి డిపోకి మిగిలిందెంత? తగ్గిన 80 కిలోమీటర్లకి, కేఎంపీఎల్ 5 అయితే 16 లీటర్లు, లీటరు రూ.95 వేసుకుంటే రూ.1,520 ఆదా. పోయిన ఆదాయం రూ.1,400. డ్రైవర్, కండక్టర్ జీతాలు ఎలాగూ ఇవ్వాల్సిందే కాబట్టి, టైర్ల అరుగుదల లాంటివి పక్కన పెడితే, రోజుకి మిగిలేది రూ.120! దానికోసం ఒక ఊరికి మధ్యాహ్నం బస్సు లేకుండా పోతుంది. అందుకే ఏ రిపోర్టు ముందు కూర్చున్నా నేను మొదట అడగమనేది ఒకటే: ఈ నిర్ణయం తీసుకుంటే ఏ ఖర్చు నిజంగా తగ్గుతుంది, ఏది ఎప్పట్లాగే ఉంటుంది? ఈపీకే ఒక్కటే చూస్తే దీనికి జవాబు దొరకదు.

ఇంకో మెలిక ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద మహిళలకి చార్జీ తీసుకోకుండా జీరో టికెట్ ఇస్తున్నారు. ఆ టికెట్ల డబ్బు ప్రయాణికుల నుంచి కాకుండా ప్రభుత్వం నుంచి రావాలి. కాబట్టి రిపోర్టు నగదునే లెక్కేస్తే కిక్కిరిసిన బస్సు కూడా నష్టాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. ఓఆర్ ఎక్కువుండి ఈపీకే తక్కువుంటే ముందుగా జీరో టికెట్ల విలువ కలిపారో లేదో చూడండి, ఆ తర్వాతే రూటు గురించి మాట్లాడండి.

నా మటుకు, ఎత్తేయడం కన్నా మార్చడం మేలు. అదే డిపోలో ఏ రూట్లో ఏ టైముకి జనం నిలబడి వెళ్తున్నారో ట్రిప్పులవారీ ఓఆర్‌లో తెలిసిపోతుంది. మధ్యాహ్నం ఒక జత ట్రిప్పులు అటు మళ్లిస్తే వచ్చే ఆదాయమెంతో కూడా పక్కనే వేసి, రెండు లెక్కలూ పోల్చాలి.

ఇంటిపని: కేఎంపీఎల్ 5.5, మధ్యాహ్నం ఆదాయం ట్రిప్పుకి రూ.600 అనుకుని పై లెక్క మళ్లీ చేయండి. ఎత్తేయాలో వద్దో తేల్చే ముందు రిపోర్టులో ఇంకే కాలమ్ కావాలని అడుగుతారో కూడా రాసుకోండి. 4వ భాగం అక్కడి నుంచే మొదలుపెడదాం.