మోటారు సైకిలుపై విడిది – మూడవ పాఠం: నేల నుంచి పైకి

గత రెండు పాఠాలలో బండిపై బరువును ఎక్కడ ఉంచాలో, సామానును పట్టీలతో ఎలా బిగించాలో నేర్చుకున్నాం. ఈ పాఠం రాత్రికి సంబంధించినది. కొత్తగా ఈ ప్రయాణాలు మొదలుపెట్టేవారు సాధారణంగా ముందు టెంటు కొంటారు, మిగిలిన డబ్బుతో స్లీపింగ్ బ్యాగ్ కొంటారు, కింద పరచుకునే మ్యాట్ దగ్గరకు వచ్చేసరికి ఇంట్లో చాప ఉంది కదా అని ఊరుకుంటారు. ఆ వరుసను తలకిందులు చేయమన్నదే ఈ పాఠం. ముందు మ్యాట్, తరువాత బ్యాగ్, చివరకు టెంటు.

ఉదాహరణగా లంబసింగిని తీసుకుందాం. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి స్థానికులు కొర్రబయలు అనే పేరు కూడా చెబుతారు. ఆరుబయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని దాని అర్థమట. ఎత్తు పెరిగేకొద్దీ వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. ఆ లెక్కన నర్సీపట్నంలో రాత్రి 17 డిగ్రీలుంటే, ఘాటు ఎక్కి వచ్చిన మీకు పైన పది, పదకొండు డిగ్రీలు ఉండాలి. అయితే డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడ ఐదు డిగ్రీల లోపు కూడా నమోదవుతుంది. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేయడం, అలా చల్లబడిన గాలి బరువెక్కి నీరులాగే పల్లానికి జారి అక్కడే నిలిచిపోవడం ఇందుకు కారణాలు. తెల్లవారి మనం ఫోటోలు తీసుకునే ఆ పొగమంచు మడుగే రాత్రంతా మన వీపు కింద ఉన్న చలి. ఆదిలాబాద్ వైపు సిర్పూరు, తిర్యాణి ప్రాంతాలకు చలికాలంలో వెళ్లేవారికీ ఈ లెక్క వర్తిస్తుంది.

కింద పరచుకునేది

నా మొదటి లంబసింగి రాత్రి నా దగ్గర మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉంది. దాని కింద నదీతీర విహారాలకు వాడే, నోటితో ఊదే మామూలు గాలి పరుపు ఉంది. రెండు గంటలకు మెలకువ వచ్చింది. ఛాతీ, పొట్ట వెచ్చగా ఉన్నాయి గానీ వీపు, తుంటి మాత్రం బావిగట్టు మీద పడుకున్నట్టు చల్లగా ఉన్నాయి. చివరకు రైడింగ్ జాకెట్టు, ప్యాంటు, ట్యాంకు బ్యాగులో ఉన్న దినపత్రిక అన్నీ కిందకు తోసుకున్నాక గానీ కునుకు పట్టలేదు. ఆ రాత్రి తెలిసినదేమిటంటే, బ్యాగులోని దూది గానీ ఈకలు గానీ ఉబ్బుగా ఉండి తమలో గాలిని బంధించినప్పుడే వెచ్చదనాన్ని ఇస్తాయి. మన బరువు కింద అవి అణిగిపోతాయి కాబట్టి బ్యాగు అడుగు భాగం దాదాపు పనిచేయదు. ఆ పని మ్యాట్ చేయాలి. ఉత్త గాలి పరుపులో మాత్రం గాలి లోపల తిరుగుతూ మన వేడిని తీసుకెళ్లి నేలకు అప్పగిస్తూ ఉంటుంది.

మ్యాట్ చలిని ఎంత ఆపగలదో చెప్పే అంకెను ఆర్-వాల్యూ అంటారు. ఒకప్పుడు ఒక్కో తయారీదారు ఒక్కో తీరున కొలిచేవాడు. ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఉమ్మడి పరీక్షా పద్ధతి 2018లో వచ్చాక ఈ అంకెలను ఒకదానితో ఒకటి పోల్చి చూడగలుగుతున్నాం. మ్యాట్ కొనేటప్పుడు ఈ అంకె ఏ పద్ధతిలో కొలిచినదో చూడండి. అసలు అంకే వేయని మ్యాట్‌ను చలికాలానికి నమ్మకండి. నా అనుభవంలో 15 డిగ్రీలకు పైనుండే రాత్రులకు ఒకటి, ఒకటిన్నర సరిపోతుంది. లంబసింగి, పాడేరు దగ్గరి వనజంగి చలికాలానికి మూడు వరకు ఉంటే నిశ్చింత. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో, 4,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న సర్చూ వంటి చోట పడుకోదలచినవారు నాలుగుకు తగ్గకూడదు.

ఈ అంకెలో ఒక సౌకర్యం ఉంది. ఒకదానిపై ఒకటి పరిచిన రెండు మ్యాట్‌ల అంకెలను కూడుకోవచ్చు. మడత పెట్టే నురుగు మ్యాట్ సుమారు రెండు, దానిపై పలుచని గాలి మ్యాట్ ఒకటిన్నర అనుకుంటే మొత్తం మూడున్నర అవుతుంది. బండి ప్రయాణీకుడికి ఈ జంట నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. గాలి మ్యాట్‌కు ముల్లు గుచ్చుకున్నా నురుగు మ్యాట్ ఆ రాత్రిని గట్టెక్కిస్తుంది, పగలు రోడ్డు పక్కన కూర్చుని పంక్చరు వేసుకునేటప్పుడు ఆసనంగానూ పనికొస్తుంది. నురుగు మ్యాట్ వానకు తడిసినా నీటిని పీల్చదు కాబట్టి దానిని సంచీల బయట కట్టినా ఫరవాలేదు, కాకపోతే సైలెన్సరుకు దూరంగా కట్టాలి.

మన పశువుల కాపరులు భుజాన వేసుకునే గొంగడిని ఇక్కడ తలచుకోక తప్పదు. దక్కను గొర్రె ఉన్నితో నేసిన ఆ కంబళి కాస్త తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా వదులుకోదు, నిప్పురవ్వ పడితే నైలాను కరిగినట్టు కరిగిపోదు. బరువు ఎక్కువ కాబట్టి బ్యాగుకు బదులుగా దానిని తీసుకెళ్లమని చెప్పను గానీ, ఇంట్లో ఉన్నవారు మ్యాట్‌పై ఒక పొరగా పరచి చూడవచ్చు.

కప్పుకునేది

స్లీపింగ్ బ్యాగ్ చీటీపై సాధారణంగా మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి. ఇవి ముందు ఈఎన్ 13537 అనే ఐరోపా ప్రమాణం నుంచి, ఇప్పుడు ఐఎస్‌ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం నుంచి వచ్చినవి. వీటిని ప్రయోగశాలలో, వేడిచేసిన మనిషి బొమ్మను బ్యాగులో పడుకోబెట్టి లెక్కగడతారు. కంఫర్ట్ అన్నది సగటు స్త్రీ హాయిగా పడుకోగల ఉష్ణోగ్రత. లిమిట్ అన్నది సగటు పురుషుడు ముడుచుకుని ఎలాగో నిద్రపోగల హద్దు. ఎక్స్‌ట్రీమ్ అన్నది నిద్రకు సంబంధించినదే కాదు, ప్రాణం నిలబడుతుందా లేదా అన్నదానికి సంబంధించినది. సంచీపై పెద్ద అక్షరాలలో ముద్రించే అంకె తరచుగా ఈ మూడింటిలో అందమైనది మాత్రమే అయి ఉంటుంది. మీరు స్త్రీ అయినా పురుషుడైనా కంఫర్ట్ అంకెనే చూడండి, దానికి మూడు నాలుగు డిగ్రీల వెసులుబాటు కలుపుకోండి. ఎందుకంటే రోజంతా గాలికి ఎదురెళ్లి బండి నడిపి, సరిగా తినక, అలసిపోయిన శరీరం ప్రయోగశాలలోని బొమ్మ అంత వేడిని పుట్టించలేదు. పైగా ఆ బొమ్మను పరీక్షించినప్పుడు దాని కింద మంచి మ్యాట్ ఉంటుందన్న సంగతినీ మరువకూడదు. లంబసింగి చలికాలానికి కంఫర్ట్ ఒకటి, రెండు డిగ్రీలు లేదా అంతకు తక్కువ ఉన్న బ్యాగ్ తగినది.

ఈకల బ్యాగా, సింథటిక్ దూది బ్యాగా అన్న ప్రశ్నకు మన ప్రాంతంలో నా సమాధానం సింథటిక్. ఈకల బ్యాగ్ చిన్నగా మడుస్తుంది, అదే బరువుకు ఎక్కువ వెచ్చదనం ఇస్తుంది, కానీ తడిస్తే ముద్దయిపోయి ఎందుకూ కొరగాదు. మంచు కురిసే తూర్పు కనుమలలో, తేమ నిండిన గాలిలో, దాన్ని ఆరబెట్టే ఎండ ఉదయం తొమ్మిది దాకా రాదు. పొడి గాలి వీచే లద్దాఖ్‌లో మాత్రం ఈకలదే పైచేయి. ఏది కొన్నా దానిని నీరు చొరని డ్రై బ్యాగ్‌లో పెట్టి, పై మూతను కనీసం మూడు చుట్లు చుట్టి బిగించండి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ చిన్న సంచీలో కుక్కి ఉంచకుండా, పాత దిండు గలీబులో వదులుగా వేసి ఉంచండి. ఏళ్ల తరబడి అణిగి ఉన్న దూది తిరిగి ఉబ్బదు.

పగలు చెమటపట్టిన బనియనుతో పడుకోకూడదు. ఒక జత పొడి బట్టలను, మేజోళ్లను రాత్రికే కేటాయించి బ్యాగ్‌తో పాటే డ్రై బ్యాగ్‌లో ఉంచుకోండి. మూత గట్టిగా బిగిసే లోహపు సీసాలో వేడినీరు నింపి, దానిని మేజోడులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకుంటే రెండు మూడు గంటలు హాయిగా గడుస్తాయి. కుంపటిని గానీ స్టవ్వును గానీ టెంటులోకి తేవడం మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ తగదు. బొగ్గు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాడిని అది మేల్కొల్పదు.

పైకప్పు

ఇక టెంటు. చలిని ఆపేది టెంటు కాదు. అది గాలిని, వానను, మంచును, దోమలను, పురుగూ పుట్రను ఆపుతుంది. బండివాడికి టెంటు బరువు కన్నా మడిచిన పొడవు ముఖ్యం. కాలినడకన వెళ్లేవాడికి 300 గ్రాములు పెద్ద తేడా, మనకు కాదు. కానీ పక్క సంచీల లోపలి పొడవు చాలావరకు 40 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, టెంటు కడ్డీలు 55 సెంటీమీటర్లుంటే అవి అందులో పట్టవు. దుకాణానికి వెళ్లేముందు మీ సంచీని టేపుతో కొలుచుకోండి. ఫైబర్‌గ్లాస్ కడ్డీలు చవక, కానీ చీలితే సన్నని పీచులు వేళ్లలో దిగుతాయి. అల్యూమినియం కడ్డీలు వంగుతాయి, వంగినదాన్ని దారిలో సరిచేసుకోవచ్చు.

ఒక్కరే వెళ్లినా ఇద్దరి టెంటు కొనండి. హెల్మెట్టు, జాకెట్టు, బూట్లు లోపలే పెట్టుకోవాలి. బయట వదిలిన బూటులోకి తేలు దూరే దేశం మనది. లోపలి గది, దానిపై విడిగా పరిచే ఫ్లై అని రెండు పొరలున్న, మేకులు లేకపోయినా తనంతట తాను నిలబడే గుమ్మటం ఆకారపు టెంటు మనకు అనువైనది. ఎందుకంటే మనకు విడిదికి దొరికే చోటు చాలాసార్లు సిమెంటు గచ్చో, గుడి ప్రాంగణమో, రాతి నేలో అవుతుంది, అక్కడ మేకు దిగదు.

గుడ్డపై 1,500 మిల్లీమీటర్లు, 3,000 మిల్లీమీటర్లు అని ఉండే అంకె ఆ గుడ్డ ఎంత ఎత్తు నీటి స్తంభాన్ని కారకుండా మోయగలదో చెబుతుంది. పైకప్పుకు 1,500 చాలినా, మోకాళ్లు ఆనే అడుగు గుడ్డకు 3,000 కోరుకోవాలి. అడుగున అదనంగా టార్పాలిన్, అంటే కోస్తాలో బరకం, తెలంగాణలో తాడిపత్రి వేసేవారు దాని అంచు టెంటు అడుగును దాటి బయటకు రాకుండా లోపలికి మడవాలి. ఒక్క జానెడు బయటకు వచ్చినా ఫ్లై మీద నుంచి జారిన వాననీరంతా దానిపై పడి మీ కిందికి చేరుతుంది.

తెల్లవారి లోపల చెమ్మ కనిపిస్తే టెంటు కారిందని తొందరపడి నిందించకండి. నిద్రపోయే మనిషి ఊపిరిలోని తేమ చల్లని ఫ్లైకి తగిలి నీటిబొట్లవుతుంది. దీనికి మందు గాలి కిటికీలను మూయకపోవడమే. చలి వేస్తోందని అన్ని జిప్పులూ బిగించినవాడు తెల్లవారేసరికి తడి బ్యాగుతో లేస్తాడు.

చోటు, బండి

వెలుతురు ఉండగానే చోటు చూసుకోవాలి. పల్లంలో చల్లగాలి నిలుస్తుంది కాబట్టి వాలు అడుగు కన్నా పది పదిహేను మీటర్లు ఎత్తున ఉన్న చదును మేలు. గుబురు చెట్ల అంచున మంచు తక్కువ కురుస్తుంది, కానీ ఎండుకొమ్మల కింద, కొబ్బరిచెట్ల కింద వద్దు. వాగు ఎండి ఉన్నా అందులో పడుకోకూడదు, ఎగువన కురిసిన వాన ఇక్కడ చెప్పి రాదు. పులుల అభయారణ్యాలలో అనుమతి లేకుండా ఆగడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. నల్లమలలో శ్రీశైలం దారిని రాత్రివేళ చెక్‌పోస్టుల వద్ద మూసివేస్తారు కూడా. లంబసింగి పరిసరాలలో పొలం యజమానిని అడిగి, ఆయన చూపిన చోట వేసుకోవడం ఉత్తమం.

బండిని సైడ్ స్టాండుపై నిలిపితే అది ఎడమకు వాలుతుంది, తడినేలలో స్టాండు దిగితే ఎడమకే పడుతుంది. కాబట్టి టెంటు బండికి కుడివైపున, కనీసం రెండు మీటర్ల దూరంలో ఉండాలి, స్టాండు కింద పలకరాయి ఉండాలి. కాలుతున్న సైలెన్సరుకు ఎగిరిన ఫ్లై తగిలితే క్షణంలో చిల్లు పడుతుంది. టెంటు తాడును బండికి కట్టే అలవాటును నేను సమర్థించను. గాలి టెంటును లాగితే ఆ లాగుడు బండి మీదా పడుతుంది.

ఉదయం తడి ఫ్లైని లోపలి గదితో కలిపి చుట్టకుండా వేరే సంచీలో వేసి, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు బండిపై ఆరవేయండి, ఇరవై నిమిషాల ఎండ చాలు. తడితోనే అటకెక్కించిన టెంటు లోపలి పూత కొన్నాళ్లకు బంకలా అంటుకుని పుల్లని కంపు కొడుతుంది, దాన్ని బాగుచేయడం కష్టం.

అభ్యాసం

వచ్చే పాఠానికి ముందు ఒక రాత్రి మీ డాబాపై పడుకోండి. చీకటిలో, తలకు కట్టిన లైటు వెలుతురులో టెంటును పది నిమిషాలలో నిలబెట్టగలిగే వరకు సాధన చేయండి. తలదగ్గర ఒక థర్మామీటరు ఉంచి, ఏ ఉష్ణోగ్రతకు మెలకువ వచ్చింది, చలి ముందుగా ఎక్కడ తగిలింది, వీపునా, పాదాలనా అన్నది నోటు పుస్తకంలో రాసుకోండి. మరునాడు తోటకు నీళ్లు పెట్టే పైపుతో ఫ్లైపై పావుగంట వాన కురిపించి, కుట్ల వెంబడి లోపల చేత్తో తడిమి చూడండి. తడి తగిలిన కుట్లను సుద్దతో గుర్తుపెట్టుకోండి. వాటికి సీలెంటు పూయడం నాలుగవ పాఠంలో మొదటి అంశం.