పాత శాన్ స్టార్మ్ కారు హీటెక్కుతుంటే, చెయ్యి పెట్టేముందు జాగ్రత్తలు

ఎండాకాలం ఒంగోలు నుంచి నెల్లూరు హైవే మీద పోతుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తా ఉందా, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) పని ఇంటికాడే చేసుకోవాలనుకుంటే ముందు ఇవి చూసుకోండన్నా.

- ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తియ్యాల. వేడి మీద తీస్తే ప్రెషర్‌కి నీళ్ళు మొహం మీదకి చిమ్ముతాయి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

- బ్యాటరీ నెగటివ్ వైరు పీకేయండి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ దానంతటదే తిరిగితే వేళ్ళు పోతాయి.

- జాకీ ఛాసిస్‌కే (బాడీ కిందుండే ఇనప చట్రం) పెట్టండి, బాడీ ఫైబర్ కదా, అంచున పెడితే పగిలిపోద్ది. కిందకి దూరాలంటే స్టాండ్లు ఉండాల్సిందే.

- అసలు ఫ్యాన్ తిరగట్లేదా? కూలెంట్ పారబోసేముందు ఎర్త్ వైర్లు చూడండి. ఇనప బాడీ కార్లలో బాడీయే ఎర్త్, ఫైబర్‌లో కరెంట్ పోదు కాబట్టి ప్రతి ఎర్త్ వైరూ ఛాసిస్ దాకా రావాల, మన కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊర్లలో ఉప్పుగాలికి ఆ బోల్టులు తుప్పు పట్టి ఫ్యాను, మీటరు రెండూ తిక్కతిక్కగా చేస్తాయి, గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే చాలాసార్లు అక్కడికే సరిపోద్ది.

- బోరు నీళ్ళు వద్దే వద్దు, కనిగిరి వైపైతే మరీను, గార కట్టి రేడియేటర్ మూసుకుపోద్ది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం.

- తీసిన కూలెంట్ తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. మూతున్న క్యాన్‌లో పట్టి పిల్లలకి అందకుండా పెట్టండి.