జెట్టీలో ఐడిల్ చూసి డీజిల్ పంపును నమ్మకండి: వేటకు ముందు జాగ్రత్తలు

జూన్ 14తో 61 రోజుల వేట నిషేధం ముగుస్తుంది. ఆ మర్నాడే విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లన్నీ ఒక్కసారిగా బయల్దేరతాయి. గత సీజన్ తొలి రోజుల్లో అలా వెళ్లిన ఒక బోటుకి గంట తిరక్కుండానే యారాడ కొండ ఎదురుగా ఇంజన్ ఆగిపోయింది. గాలి ఒడ్డు వైపుకి, ఆ ఒడ్డంతా రాళ్లు. వెనక వస్తున్న బోటువాళ్లు తాడు విసిరి లాక్కొచ్చారు కాబట్టి కలాసీలందరూ ఇళ్లకి చేరారు. ఓనరు మాత్రం ఒకటే మాట పట్టుకున్నాడు: “ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు కొత్తది వేయించాం. నిన్న సాయంత్రం జెట్టీలో చాలాసేపు తిప్పాం. కొంచెం కూడా తేడా రాలేదు.”

తేడా రాదు. జెట్టీలో రాదు.

లైఫ్ జాకెట్లు, వాతావరణ హెచ్చరికలు, కాగితాలు ఇవన్నీ మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క తప్పు గురించి. బోటు కట్టేసి ఉండగా ఐడిల్‌లో, అంటే గేరు వేయకుండా నెమ్మదిగా, ఇంజన్ తిప్పి, పంపు బాగుందని తేల్చుకోవడం. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న డ్రైవర్లు కూడా ఇదే చేస్తున్నారు.

ఐడిల్‌లో ఇంజన్ తాగే డీజిల్ చాలా తక్కువ. ట్యాంకులోని జల్లెడ ముప్పాతిక వంతు మూసుకుపోయినా ఆ కాస్త డీజిల్ వస్తూనే ఉంటుంది. గేరు వేసి, ఐస్ బరువుతో, అలకి ఎదురు వెళ్లేటప్పుడు అదే ఇంజన్‌కి ఎన్నో రెట్లు డీజిల్ కావాలి. అప్పుడు పంపు ఎంత లాగినా జల్లెడ వదలదు. పైగా జెట్టీలో బోటు కదలదు కాబట్టి ట్యాంకు అడుగున ఉన్న నీళ్లు, నల్లటి జిగురు కదలకుండా కూర్చుంటాయి. హార్బర్ దాటి మొదటి నాలుగు పెద్ద అలలు తగిలేసరికి అదంతా లేచి పైపు నోట్లోకి వస్తుంది. ఈ రెండూ ఐడిల్‌లో కనిపించవు.

అందుకని పరీక్ష లోడ్ మీదే, అంటే గేరు వేసి ఇంజన్ కష్టపడేలా నడుపుతూ, చేయాలి. నిషేధం ఇంకా నడుస్తుంటే మత్స్యశాఖ వాళ్లకి ముందే చెప్పండి, వలలు దించేయండి, పగటిపూట, ఇంకో బోటు తోడుగా, హార్బర్ కనిపించే దూరంలోనే తిప్పండి. వేటకి వెళ్లే వేగంలో కనీసం అరగంట. ఆ తర్వాత కాసేపు అలకి అడ్డంగా నడపండి, ట్యాంకు బాగా కుదుపుకి లోనవ్వాలి. ఆర్‌పీఎం పడిపోతోందా, ఫిల్టర్ గిన్నెలో నీళ్లు దిగుతున్నాయా, ఒకరు దగ్గరే ఉండి చూడాలి. వీలు కాదంటే, వేటకి వెళ్లిన రోజే మొదటి అరగంట హార్బర్ చుట్టుపక్కలే తిరగండి. అరగంట డీజిల్ ఖర్చుకి వెనకాడి సముద్రంలో రాత్రంతా కొట్టుకుపోవద్దు.

ట్యాంకు సంగతి. రెండు నెలలు సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి ఉంటుంది. సముద్రం పక్కన ఆ గాలిలో తేమ ఉంటుంది. రాత్రి చల్లబడితే అది నీటి చుక్కలై డీజిల్ అడుక్కి చేరుతుంది. నీళ్లు, డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆ నల్లటి జిగురు వాటిదే. అడుగున డ్రెయిన్ తిప్పి గాజు సీసాలోకి పట్టండి. కాసేపు ఆగితే నీళ్లు కిందికి దిగి గీతలా కనిపిస్తాయి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. పట్టినది హార్బర్ నీళ్లలో పోయకండి. ట్యాంకుకి గాలి పీల్చే సన్నటి గొట్టం ఉంటుంది, దాంట్లో పురుగులు గూడు పెట్టినా, రంగు వేసేటప్పుడు మూసుకుపోయినా డీజిల్ రాదు. లోడ్ మీద ఇంజన్ నీరసిస్తే ఒకసారి ట్యాంకు మూత తెరిచి చూడండి. లోపలికి బుస్సుమని గాలి పోయి ఇంజన్ తేరుకుందంటే దోషం ఆ గొట్టానిదే.

పైపుల సంగతి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది లాగే పైపు. కొబ్బరిబొండంలో పెట్టిన స్ట్రాకి చిల్లు పడితే నీళ్లు బయటికి కారవు, నోట్లోకి గాలి వస్తుంది. ఇదీ అంతే. చుక్క కారడం లేదు కాబట్టి పైపు బాగుందనుకోకండి. పాత రబ్బరు పైపు లోపలి పొర ఊడి, లాగినప్పుడు అతుక్కుపోతుంది. బయటి నుంచి చూస్తే నిగనిగలాడుతుంది. వయసైపోయిన పైపు మార్చేయండి. పంపుకి ముందు ఒక జానెడు డీజిల్‌ని తట్టుకునే పారదర్శకమైన పైపు పెట్టి తిప్పితే బుడగలు కంటికి కనిపిస్తాయి. పరీక్ష అయ్యాక తీసేయండి. రాగి వాషర్లు కొత్తవి వేయండి. ఒకసారి నొక్కుకున్నవి గట్టిపడి మళ్లీ సరిగ్గా కూర్చోవు.

ఇప్పుడు పంపు. దాన్ని విప్పే ముందు ఒక శుభ్రమైన క్యానులో డీజిల్ పోసి, పంపు దగ్గర లాగే పైపు విప్పి, దాని బదులు వేరే మంచి పైపు ఒకటి పంపు నుంచి ఆ క్యానులోకి పెట్టి, లోడ్ మీద నడపండి. ఇంజన్ బాగా నడిచిందా, పంపు మంచిదే, ట్యాంకు, దాని పైపులు చూసుకోండి. అప్పుడూ నీరసించిందా, ఫిల్టర్ మార్చి, పంపు చూపించండి. ఈ చిన్న పరీక్ష చేయకుండా వేల రూపాయలు పోసి పంపులు మార్చినవాళ్లు హార్బర్ నిండా ఉన్నారు. ఇది కూడా ఐడిల్‌లో చేస్తే దండగ.

ఇంజన్ ఆయిల్ మట్టం పెరిగిందా చూడండి. పోయకుండా పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే, బహుశా పంపు సీలు పోయి, డీజిల్ ఆయిల్‌లో కలుస్తున్నట్టే. అలాంటి ఇంజన్ స్టార్ట్ చేయకండి. పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు పోతాయి.

చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపు ఉంటుంది కదా, ఆ చేతి పంపు పనయ్యాక దాని మర బిగించండి.

లాగే పైపు జాయింట్లకి టెఫ్లాన్ టేపు చుట్టకండి. దాని పోగులు పంపు వాల్వులో ఇరుక్కుంటాయి.

కొత్త ఫిల్టర్‌లో డబ్బా డీజిల్ పోసి బిగించకండి. ఆ వడగట్టని డీజిల్ నేరుగా ఇంజెక్షన్ పంపులోకే పోవచ్చు. ఖాళీ ఫిల్టరే బిగించి చేతి పంపుతో నింపండి, బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయండి, అంటే లోపల చిక్కిన గాలిని బయటికి వదలండి.

ఎయిర్ తీసేటప్పుడు పొయ్యి ఆర్పండి. బీడీ వద్దు. 2023 నవంబర్ 19 రాత్రి ఇదే హార్బర్‌లో పదుల కొద్దీ బోట్లు కాలిపోవడం మనం చూశాం. బోట్లలోని డీజిల్, గ్యాస్ సిలిండర్లు ఆ మంటని ఎంత పెంచాయో ఎవరూ మరిచిపోలేదు.

ఇంజెక్షన్ పంపు నుంచి నాజిల్‌కి వెళ్లే పైపు లీకుని చేత్తో తడమకండి. అందులో ఉండే విపరీతమైన ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. సూది గుచ్చినంతే కనిపిస్తుంది, చెయ్యి పోయేంత ప్రమాదం. నొప్పి లేకపోయినా వెంటనే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కి వెళ్లండి, డీజిల్ దూరిందని డాక్టర్‌కి చెప్పండి.

ఫిల్టర్లు, రాగి వాషర్లు, క్లిప్పులు, రెండు మూరల పైపు, వాటికి సరిపడే స్పానర్లు బోటులోనే ఉంచండి, ఇంట్లో కాదు. మూత బిగించిన 20 లీటర్ల డీజిల్ క్యాను ఒకటి వేరుగా. దాన్ని వేరే పనికి వాడనివ్వకండి.

లంగరు తాడు చూడండి. వేటకి ముందే చూడండి.

ఇంజన్ ఆగితే పంపు దగ్గరికి పరిగెత్తకండి. లోతు అందితే ముందు లంగరు వేయండి. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో ఎక్కడున్నారో చెప్పండి. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ 1554. ఆ తర్వాతే స్పానర్ పట్టండి.