పనస గిన్నె పగిలింది, ఫొటో పాడైంది: ఎలా సరిచేశానంటే

మాది అమలాపురం దగ్గర. గాలివానకి పెరట్లో పనసకొమ్మ విరిగితే ఆ పచ్చి చెక్కనే లేత్‌కి (చెక్కని గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రానికి) బిగించి ఒక్క రోజులో గిన్నె పూర్తి చేసేశాను, పది రోజులకే అంచు నుంచి అడుగు దాకా పగిలింది. చాలా బాధేసింది. చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు, వలయాల వెంబడి ఎక్కువ, మధ్య నుంచి బెరడు వైపుకి తక్కువ, పైగా అడ్డకోత పడిన చోట తేమ తొందరగా పోతుంది.

రెండోసారి దుంగ నడిమి భాగం తీసేసి, 20 సెంటీమీటర్ల గిన్నెకి 2 సెంటీమీటర్ల మందం ఉంచి తొలిచాను. అడ్డకోతలకి కరిగించిన మైనం పూసి, కాగితపు సంచిలో చుట్టి అటక మీద పెట్టి, వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి బరువు రాసుకున్నాను. చుట్టూ కాలవలే కదా, మా కోనసీమ తేమకి ఆరడానికి ఐదు నెలలు పట్టింది. బరువు తగ్గడం ఆగాకే మళ్లీ లేత్ ఎక్కించాను. గిన్నె కోలగా సాగిపోయింది, మందం ఉంది కాబట్టే మళ్లీ గుండ్రంగా వచ్చింది.

ఇక ఫొటో. నూనె పట్టించిన గిన్నె మీద ఫ్లాష్ తెల్ల మచ్చలా పడింది, ట్యూబ్‌లైట్ కింద పనస పసుపు పాలిపోయింది. లైట్లన్నీ ఆపేసి, కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టి, వెలుగు తిరిగి గిన్నె మీద పడేలా అవతల వైపు థర్మకోల్ షీట్ నిలబెట్టాను. వెలుగు పక్క నుంచి పడగానే చెక్క గీతలన్నీ తేలాయి. పనస చెక్క వెలుతురుకి మెల్లగా గోధుమరంగుకి తిరుగుతుంది, ఆ పసుపు కావాలంటే ఫొటో వెంటనే తీసుకోండి.