తుఫానుకి కరెంటు పోతే ఒక్క జనరేటర్‌తో నాలుగిళ్లు ఎలా నెట్టుకురావాలి

మా కోనసీమలో గాలి కాస్త గట్టిగా వీస్తే కొబ్బరిచెట్టు పడుద్ది, పడేది సరిగ్గా కరెంటు తీగ మీదే. 1996 నవంబరు తుఫాను చూసినోళ్లు ఇప్పటికీ ఆ చీకటి గురించి చెప్తారు, 2025 అక్టోబరులో మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటిన రాత్రి మళ్లీ గుర్తొచ్చింది. మా ఇంట్లో 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్ ఉంది, పక్క మూడిళ్లకీ అదే.

ముందు ప్రాణం మీదకి వచ్చేది చెప్తా. రెండు చివర్లా పిన్నులున్న వైరు తెచ్చి గోడ సాకెట్లో గుచ్చేసి ఇల్లంతా వెలిగించేస్తారు చూడండి, అది మాత్రం వద్దండి బాబూ. మెయిన్ ఆపడం మర్చిపోతే మన కరెంటు వెనక్కెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 కేవీ, అంటే 11 వేల వోల్టులు అయిపోద్ది, అక్కడ స్తంభం మీద లైన్‌మ్యాన్ లైన్ చచ్చిందనుకుని తీగ పట్టుకుంటాడు. ఇంటి వైరింగ్‌కే కావాలంటే ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్ (లైన్ కరెంటు, జనరేటర్ కరెంటు రెండిట్లో ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) పెట్టించుకోండి. పక్కిళ్లకి మాత్రం జంక్షన్ బాక్సే, ఫ్యాను, బల్బు, ఫ్రిజ్ నేరుగా దాంట్లోనే గుచ్చాలి.

ఇక లెక్క. 2 కేవీఏ అంటే సుమారు 1600 వాట్లు, నేనైతే 1200 దాటనివ్వను. ఇంటికి రెండు ఫ్యాన్లు (ఒక్కోటి 75 వాట్లు), మూడు ఎల్ఈడీ బల్బులు అనుకుంటే నాలుగిళ్లకీ కలిపి 700 పైచిలుకు. మిగిలినదాంట్లో ఒక్క ఫ్రిజ్ నడుస్తుంది, నాలుగు కాదు, ఎందుకంటే ఆన్ అయ్యేటప్పుడు అది మూడింతలు లాగేస్తుంది. అందుకే గంటకొక ఇల్లు వంతు. తలుపు తియ్యకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగానే ఉంటది, ఆ తర్వాత నమ్మకం లేదు, ఎవరింట్లోనైనా ఇన్సులిన్ ఉంటే మొదటి వంతు వాళ్లదే, అడగక్కర్లేదు.

అసలు అందరూ ఫ్యాన్ల కోసం కొట్టుకుంటారు గానీ ముందు కావాల్సింది నీళ్లండి. పొద్దున్నే మిగతావన్నీ పీకేసి ఒక్కో ఇంటి అర హెచ్‌పీ మోటారు వేసి ట్యాంకు నింపెయ్యాలి, మోటారు వైరుకి పిన్ను ఉంటేనే. పెద్ద బోరు మోటార్ల జోలికి పోకండి, జనరేటర్ మూలుగుద్ది.

వాన పడుతుందని జనరేటర్‌ని అరుగు మీద పెట్టొద్దు, ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్దట్లోనే పోతారు. దొడ్లో, కిటికీలకి 20 అడుగుల దూరంలో, పైన రేకు, పక్కలన్నీ ఖాళీ, పక్కింటి కిటికీ కూడా చూసుకోండి. వైరు 2.5 ఎంఎం రాగిది, మన దొడ్లలో మోకాల్లోతు నీళ్లు నిలుస్తాయిగా, కింద వెయ్యకుండా కర్రల మీదుగా పైనుంచి లాగాలి, అతుకులు అసలుండకూడదు.

పెట్రోల్ దగ్గరే మొహాలు మాడతాయి. ఓసారి మేం లెక్క రాయలేదు, చివర్లో ఒకింటివాళ్లు ముభావంగా అయిపోయారు, నెల్లాళ్లు మాటల్లేవు. ఇప్పుడు తుఫాను కబురు రాగానే ఇంటికి మూడు లీటర్లు, పుస్తకంలో రాత. మా మెషీను గంటకి లీటరు దాకా తాగుద్ది, అందుకే పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఆరు నుంచి పదింటిదాకానే. పెట్రోల్ పోసేముందు ఆపి చల్లారనివ్వాలి.

ఇంటి వైరింగ్‌కి జనరేటర్ కలపనివాళ్లు గోడ మీద ఒక బల్బు స్విచ్ వేసే ఉంచండి, అది వెలిగితే లైన్ వచ్చినట్టే. వెంటనే ఫ్రిజ్ పెట్టెయ్యకండి, పావుగంట ఆగండి, మొదట్లో వోల్టేజి ఊగుతుంటది.