లూపస్, స్క్లెరోడెర్మా ఉన్నవాళ్లు వానలు పడేలోపే చూసుకోవాల్సినవి

తొలకరి పడిందంటే ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలు. మామూలు మనిషికి రెండు రోజులు ఓఆర్‌ఎస్ తాగితే సర్దుకుంటుంది. లూపస్‌కో (ఒంటి రోగనిరోధక శక్తి సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు), స్క్లెరోడెర్మాకో (అదే తరహాలో వచ్చి చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు) స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారి సంగతి వేరు. పేగుకు చిల్లు పడితే పొట్ట చెక్కలా బిగుస్తుందని, జ్వరం వస్తుందని అనుకుంటాం. స్టెరాయిడ్ మీద ఉన్నవారికి ఆ రెండూ లేకుండానే చిల్లు పడి ఉండొచ్చు. అందుకే ఎవరైనా నొక్కి చూసి ‘పొట్ట మెత్తగానే ఉంది, గ్యాసే’ అంటే ధీమా పడకండి.

లూపస్‌లో అరుదుగా పేగులకు రక్తం అందించే నాళాలే వాస్తాయి. నొప్పి, వాంతులు, ఒక్కోసారి విరేచనంలో రక్తం. చూడటానికి ఫుడ్ పాయిజన్‌లాగే ఉంటుంది. సీటీ స్కాన్‌లో పేగు గోడ ఉబ్బి కనిపిస్తుంది. వెంటనే పట్టుకుంటే చాలామందికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లతోనే తగ్గుతుంది. ఆలస్యమైతే పేగు కుళ్లిపోయి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

స్క్లెరోడెర్మా కథ ఇంకో రకం. పేగు కండరం బలహీనపడి తిన్నది ముందుకు కదలదు. నిలవ ఉన్నచోట బ్యాక్టీరియా పెరిగి ఉబ్బరం, నీళ్ల విరేచనాలు, బరువు తగ్గడం మొదలవుతాయి. బహు అరుదుగా పేగు గోడలోనే గాలి బుడగలు ఏర్పడి పగులుతాయి. అప్పుడు ఎక్స్‌రేలో డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) కింద గాలి కనిపిస్తుంది, చూసినవారు చిల్లు పడిందనే అనుకుంటారు. నిజానికి ఇలాంటివాటిలో కొన్నింటికి కోత అక్కర్లేదు. ఏది ఏదో తేల్చాల్సింది సర్జన్, రుమటాలజిస్టు (కీళ్ల జబ్బులు, లూపస్ లాంటివి చూసే డాక్టరు) కలిసి. జబ్బు పేరు, మందులు, మోతాదులు రాసిన కాగితం ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో ఫైలు దొరకదు.

కీళ్లనొప్పులకు డైక్లోఫెనాక్ లాంటివి స్టెరాయిడ్‌తో కలిపి సొంతంగా వేసుకోవద్దు, పుండు పడి రక్తం పోయే ముప్పు పెరుగుతుంది. మెడికల్ షాపులో కడుపునొప్పికి కత్తెరతో కోసి ఇచ్చే రెండు మాత్రల ముక్క మీద చాలాసార్లు పేరే ఉండదు. అందులో మెఫెనమిక్ యాసిడ్, డైసైక్లోమిన్ కలిసి ఉండొచ్చు: మొదటిది పొట్ట లోపలి పొరకు చెరుపు, రెండోది అసలే కదలని పేగును ఇంకా మందగింపజేస్తుంది. స్క్లెరోడెర్మా ఉండి ఉబ్బరం ఉన్నవారు ఇసబ్‌గోల్ కూడా డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకండి. పీచు మేలే కదా అంటారు, కదలని పేగులో అదీ నిలవే.

పొలం పనికి వెళ్లేవారు నాట్ల ముందు ఒక పరీక్ష గురించి అడగాలి. బురదలో చెప్పుల్లేకుండా తిరిగితే స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు చర్మంలోంచి దూరి, ఏళ్ల తరబడి పేగులో చప్పుడు లేకుండా ఉంటుంది. స్టెరాయిడ్ మోతాదు పెంచినప్పుడు ఒంటినిండా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. ముందే తెలిస్తే ఐవర్‌మెక్టిన్‌తో వదిలించొచ్చు. అంతవరకూ బూట్లు వేసుకునే దిగండి.

కాచి చల్లార్చిన నీళ్లు తాగడం, బయటి ఐసు, కోసిపెట్టిన పండ్లు మానడం అందరికీ తెలిసినవే.

విరేచనాలు పట్టుకుంటే మందుల సంగతేమిటో ఇప్పుడే అడిగి రాయించుకోండి. మెథోట్రెక్సేట్, మైకోఫెనోలేట్ లాంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు కొన్నాళ్లు ఆపమనొచ్చు. స్టెరాయిడ్ మాత్రం సొంతంగా ఆపకూడదు. చాన్నాళ్లుగా వాడుతున్నవారికి ఒక్కసారిగా ఆగితే బీపీ పడిపోతుంది. మాత్ర వాంతిలో పోతుంటే ఇంజెక్షన్‌గా ఇవ్వాలి, అందుకు ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఆగకుండా పెరిగే నొప్పి, ఆకుపచ్చటి వాంతి, గాలీ విరేచనమూ పోకుండా పొట్ట ఉబ్బడం, రక్తం లేదా నల్లటి విరేచనం, కళ్లు తిరగడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని చూద్దామనుకోవద్దు. మీ రుమటాలజిస్టు హైదరాబాద్‌లో ఉన్నా ముందు సీటీ స్కాన్, సర్జన్ రెండూ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లి, అక్కణ్నుంచి ఆయనకు ఫోన్ చేయించండి. అది ఏ ఆసుపత్రో, రాత్రిపూట స్కాన్ తీస్తారో లేదో ఈ వారంలోనే కనుక్కోండి.